పెద్దోడికి రాలేదు కదా, ఇప్పుడు మందులెందుకు?

ఈ వారం నాకొచ్చిన మెసేజ్‌ల్లో ఒకటి చదివాక మిగతావి చదవబుద్ధి కాలేదు. పంపింది పొందూరు దగ్గర ఊరి అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. పేరు, ఊరు రాయను. తను సరేనన్నాకే ఆనవాళ్లు తీసేసి ఇక్కడ పెడుతున్నా.

"అక్కా, మా వదినకి ఇప్పుడు నాలుగో నెల. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి హెచ్ఐవీ పాజిటివ్ అన్నారు. రోజూ వేసుకోమని మాత్రలిచ్చారు. మా మేనల్లుడికి ఏడేళ్లు. వాడికీ పరీక్ష చేయించాం, నెగటివ్. వాడు పుట్టినప్పుడు అన్నయ్యావాళ్లు వలసపోయి వేరే రాష్ట్రంలో ఉన్నారు. అప్పుడు వదినకి ఈ పరీక్షా చేయలేదు, మందులూ లేవు. అందుకే మా అమ్మ 'పెద్ద గుంటడికి ఏటీ రానేదు. మన రక్తం గట్టిది. ఈ మాత్రలు ఇంట్లో కనబడితే ఊరందరికీ తెలిసిపోద్ది, మానేయమను' అంటోంది. నిజంగా రక్తంలో అలాంటి గట్టితనం ఉంటుందా? ఉంటే దానికేమైనా టెస్ట్ ఉందా?"

మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దని ఆ రాత్రే జవాబు పెట్టాను. కానీ ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. దానికి రెండు ముక్కల్లో జవాబిచ్చి వదిలేస్తే అన్యాయం. ఎందుకంటే వాళ్లమ్మ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే ప్రమాదం. ఇవాళ ఆ సగం గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక చిక్కు విప్పుదాం

పెద్దబ్బాయి "తప్పించుకున్నాడు" అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. తప్పించుకోవాలంటే ముందు ప్రమాదం ఉండాలి కదా! ఏడేళ్ల కిందట ఆ తల్లికి పరీక్షే చేయలేదు. అప్పటికి ఆమె ఒంట్లో హెచ్ఐవీ ఉందో లేదో ఎవరికి తెలుసు? వైరస్ ఆ కాన్పు తర్వాత, పాలు మానిపించిన తర్వాత వచ్చి ఉండొచ్చు. అలాగైతే పెద్దోడి నెగటివ్‌కీ రక్తం గట్టితనానికీ ఏ సంబంధమూ లేదు.

సరే, అప్పటికే వైరస్ ఉందనే అనుకుందాం. అయినా బిడ్డకి రాకపోవడం వింత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, ఏ మందూ వాడకపోతే హెచ్ఐవీ ఉన్న తల్లుల నుంచి 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకుతుంది. అంటే మందు లేకపోయినా సగానికి పైగా బిడ్డలు బయటపడతారు. తొమ్మిది నెలలు ఒకే ఒంట్లో ఉండి, కాన్పులో తల్లి రక్తం తగిలి, నెలల తరబడి పాలు తాగి కూడా!

వైరస్ బిడ్డకి చేరడానికి దారులు మూడే. కడుపులో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో, తల్లిపాల ద్వారా. ఈ మూడు దారుల్లోనూ అన్నిటికన్నా పెద్ద విషయం తల్లి రక్తంలో వైరస్ ఎంత ఉందన్నది. దాన్నే వైరల్ లోడ్ అంటారు. అది ఎక్కువుంటే ప్రమాదం ఎక్కువ. కానీ వైరల్ లోడ్ దాదాపు ఒకేలా ఉన్న ఇద్దరు తల్లుల్లో ఒకరి బిడ్డకి సోకి, ఇంకొకరి బిడ్డకి సోకని సందర్భాలున్నాయి. అక్కడే శాస్త్రవేత్తలు జన్యువుల వైపు చూడటం మొదలుపెట్టారు.

తలుపు లేని ఇల్లు

హెచ్ఐవీ మన ఒంట్లో ప్రతి కణంలోకీ దూరలేదు. రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని తెల్లరక్తకణాల మీద సీడీ4 అనే తాళం ఉంటుంది. దాన్ని పట్టుకున్నాక లోపలికి వెళ్లడానికి ఇంకో గడియ కూడా తియ్యాలి. చాలాసార్లు ఆ గడియ పేరు సీసీఆర్5. దాన్ని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి మనకొస్తుంది.

1996లో ఒక సంగతి బయటపడింది. కొందరిలో ఈ జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. డెల్టా32 అని పేరు పెట్టారు. రెండు కాపీలూ ఇలాగే ఉన్నవాళ్ల కణాలమీద ఆ గడియే ఉండదు. మామూలు రకం హెచ్ఐవీ వాళ్లలోకి దాదాపు ప్రవేశించలేదు. ఒక కాపీ మాత్రమే ఉన్నవాళ్లకి వైరస్ సోకుతుంది గానీ జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. 'బెర్లిన్ పేషెంట్'గా లోకానికి తెలిసిన టిమోతీ రే బ్రౌన్‌కి లుకేమియా వస్తే, 2007లో ఇలాంటి దాత మూలకణాలే ఎక్కించారు. ఆయన ఒంట్లోంచి హెచ్ఐవీ పోయింది. 2020లో ఆయన చనిపోయింది తిరగబెట్టిన లుకేమియాతోనే, హెచ్ఐవీతో కాదు.

"అదే అక్కా, మా రక్తం అలాంటిదేమో!" అంటారా? ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి డెల్టా32 కాపీ ఒకటి ఉంటుంది. రెండు కాపీలూ ఉన్నవాళ్లు వందలో ఒకరు. మన దేశంలో ఇది చాలా అరుదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక కుటుంబం "మాది గట్టి రక్తం" అనుకోవడానికి ఇది ఆధారం కాదు.

పడుగు అమ్మది, పేక నాన్నది

రెండో జన్యువుల గుంపు నాకు మరీ ఇష్టం. దాని పేరు హెచ్ఎల్ఏ. ఇది మన కణాల గుర్తింపు కార్డు. "ఇది నా కణం, అది పరాయిది" అని రోగనిరోధక వ్యవస్థ తేల్చుకునేది దీన్ని చూసే. కిడ్నీ మార్పిడికి ముందు "మ్యాచ్ అయిందా?" అని చూసేదీ దీన్నే.

పొందూరువాళ్లకి ఇది చెప్పడం తేలిక. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్నపు నూలు తీసే ఊరు మనది. మగ్గం మీద పడుగు ఒకటుంటే సరిపోదు, పేక పడితేనే బట్ట. హెచ్ఎల్ఏ కూడా అంతే. సగం అమ్మ దగ్గర్నుంచి, సగం నాన్న దగ్గర్నుంచి. కాబట్టి ఏ బిడ్డకైనా తల్లితో సగం కలుస్తుంది. మిగతా సగం నాన్నది, తల్లికి పరాయిది.

ఆ పరాయి సగమే బిడ్డకి కాపలా కాస్తుందని 1998లో కెన్యా రాజధాని నైరోబీ తల్లీబిడ్డల మీద జరిగిన అధ్యయనం చూపించింది. తల్లీ బిడ్డల హెచ్ఎల్ఏ ఎంత ఎక్కువగా కలిస్తే బిడ్డకి హెచ్ఐవీ సోకే ప్రమాదం అంత ఎక్కువగా కనబడింది. కలవని బిడ్డలు ఎక్కువగా బయటపడ్డారు.

ఎందుకలా? రెండు వివరణలున్నాయి.

మొదటిది: తల్లి కణంలోంచి బయటికొచ్చే వైరస్ ఆ కణం పైపొరలోంచి కొంత చింపుకుని ఒంటికి చుట్టుకుని వస్తుంది. దానిమీద తల్లి హెచ్ఎల్ఏ ముద్ర ఉంటుంది. బిడ్డ హెచ్ఎల్ఏ వేరైతే "ఎవడ్రా నువ్వు?" అని బిడ్డ ఒళ్లు అడుగుతుంది. ఒకటే అయితే మన మనిషే కదా అని వదిలేస్తుంది.

రెండోది: వైరస్ తల్లి ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆమె రోగనిరోధక వ్యవస్థ ఎక్కడ కొడుతుందో నేర్చుకుని, ఆ దెబ్బ తగలకుండా రూపం మార్చుకుంటుంది. హెచ్ఎల్ఏ బీ27 అనే రకం ఉన్నవాళ్లు హెచ్ఐవీని బాగా అదుపులో పెట్టగలరు. కానీ ఆ రకం ఉన్న తల్లి నుంచి, అప్పటికే బీ27ని తప్పించుకోవడం నేర్చిన వైరస్ బిడ్డకి వెళ్తే, బిడ్డకి వారసత్వంగా బీ27 వచ్చినా పెద్దగా లాభం ఉండదు. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. అమ్మ ఇచ్చిన కత్తికి ముందే విరుగుడు తెలిసిన శత్రువు వచ్చాడన్నమాట. నాన్న ఇచ్చిన కత్తి మాత్రం వాడికి కొత్త.

ఇప్పుడు వాళ్లమ్మ "మన రక్తం" అన్న మాట మళ్లీ చూడండి. ఆవిడ తన కొడుకు రక్తాన్ని పొగుడుకుంది. బిడ్డకి తండ్రి సగం పనికొస్తుందన్నది నిజమే. అయితే అది గట్టిగా ఉన్నందుకు కాదు, తల్లి సగం కన్నా వేరుగా ఉన్నందుకు.

మరి మేనరికం అయితే?

ఈ ప్రశ్న మీకొస్తుందని తెలుసు. మనవైపు మేనమామనీ, మేనబావనీ చేసుకోవడం కొత్తేం కాదు. లెక్క సూటిగా చెప్పుకుందాం. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే, పుట్టే బిడ్డ హెచ్ఎల్ఏ అచ్చం తల్లిదే అయ్యే అవకాశం కేవలం ఆ చుట్టరికం వల్లే 16లో 1. సొంత మేనమామని చేసుకుంటే 8లో 1. బయటి సంబంధమైతే అలా పూర్తిగా కలవడం చాలా అరుదు, ఎందుకంటే మనిషి జన్యువులన్నిటిలో ఎక్కువ రకాలున్నది హెచ్ఎల్ఏలోనే.

దీన్ని పట్టుకుని మేనరికం చేసుకున్న ఏ తల్లినీ భయపెట్టకండి. ఈ కాపలా అంతా వైరస్ బిడ్డ దాకా వచ్చిన తర్వాతి సంగతి. తల్లి మందులు వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గిపోతే, బిడ్డ దగ్గరికి చేరడానికి ఏముంటుంది? కాపలావాడు బలవంతుడా, బలహీనుడా అన్న చర్చే అక్కర్లేదు.

మాత్ర ముందు జన్యువు

ఇది నా మాట కాదు. దక్షిణాఫ్రికా శిశువుల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. మన ఒంట్లో సీసీఎల్3 అనే పదార్థం తయారవుతుంది. అది సీసీఆర్5 గడియకి అడ్డంగా కూర్చుని వైరస్‌ని లోపలికి రానివ్వదు. దాన్ని తయారుచేసే జన్యువు కాపీలు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి. ఎక్కువ కాపీలున్న శిశువులకి వైరస్ సోకడం తక్కువగా కనబడింది. అయితే ఒక షరతు ఉంది. ఆ తేడా స్పష్టంగా కనబడింది కాన్పు సమయంలో తల్లి నెవిరాపిన్ మందు తీసుకోని సందర్భాల్లో.

ఒకసారి ఆలోచించండి. మందు లేనప్పుడే జన్యువు మాట చెల్లింది. వెయ్యేళ్ల నుంచి వంశంలో వస్తున్న తేడా కన్నా ఒక మాత్ర ప్రభావం పెద్దది.

ఇంకో ఆధారం కవలలు. 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, హెచ్ఐవీ ఉన్న తల్లులకి పుట్టిన కవలల్లో మొదట పుట్టిన బిడ్డకే ఎక్కువగా వైరస్ సోకినట్టు తేలింది. అదే తల్లి, అదే వైరస్, అదే రోజు. దారిలో ముందున్న బిడ్డకి తల్లి రక్తం, స్రావాలు ఎక్కువసేపు తగులుతాయి. రక్తం గట్టితనం కాదు, వరుసలో చోటు తేడా!

ఇక అన్నదమ్ముల సంగతి. ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన ఇద్దరు పిల్లల హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. పెద్దోడి చేతిలో పడిన పేకముక్కలు రెండోబిడ్డకీ పడతాయన్న హామీ లేదు. తల్లి వైరల్ లోడ్ కూడా ఏడేళ్లలో అలాగే ఉండదు. కాబట్టి పెద్దోడి రిపోర్టు పెద్దోడిదే.

"దానికేమైనా టెస్ట్ ఉందా?"

ఉమ్మి పంపితే మీ జన్యువుల చిట్టా విప్పుతామనే ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనబడతాయి. డబ్బుంటే చేయించుకోవచ్చు. కానీ ఈ విషయంలో ఆ రిపోర్టుతో చేసేదేమీ లేదు. జన్యువులు బాగున్నాయన్నా డాక్టర్ ఇచ్చేది అవే మాత్రలు. బాగోలేవన్నా అవే మాత్రలు. ఫలితం ఏదైనా చెయ్యాల్సిన పని మారనప్పుడు ఆ టెస్ట్ ఎందుకు?

ఆ మాత్రల కథ కూడా ఒకసారి వినండి. 1994లో అమెరికా, ఫ్రాన్స్‌లలో జరిగిన పరీక్షలో జిడోవుడిన్ అనే ఒకే మందుతో బిడ్డలకి సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడింది. 1999లో ఉగాండాలో, కాన్పు సమయంలో తల్లికి ఒక డోసు, పుట్టాక బిడ్డకి ఒక డోసు నెవిరాపిన్ ఇచ్చి మంచి ఫలితం చూశారు. మన దేశంలో తల్లి నుంచి బిడ్డకి సోకకుండా చూసే కార్యక్రమం 2002లో మొదలైంది. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ భారం ఎక్కువున్న రాష్ట్రాల్లో ముందుంది. 2014 నుంచి గర్భిణికి పాజిటివ్ అని తేలితే చాలు, మూడు మందుల కలయికని జీవితాంతం ఉచితంగా ఇస్తున్నారు. ఇలా చికిత్స సరిగ్గా జరిగితే, తల్లిపాలు తాగే బిడ్డల్లో కూడా సోకడాన్ని 5 శాతం లోపుకి తేవచ్చు. 45 ఎక్కడ, 5 ఎక్కడ?

ఆ ఇంట్లో జరగాల్సినవి

మాత్ర రోజూ ఒకే వేళకి. ఇది తల్లి కోసం కూడా. బిడ్డ పుట్టాక ఆపేసేది కాదు.

కాన్పు ఆసుపత్రిలోనే. మనవైపు పురిటికి పుట్టింటికి పంపుతారు. ఇక్కడే చాలామందికి మాత్రలు తెగిపోతాయి. కన్నవారింట్లో చెప్పుకోలేక, అక్కడి సెంటర్ తెలియక. వెళ్లేముందే ఏఆర్‌టీ సెంటర్‌లో చెబితే, అక్కడ సరిపడా మందులు ఇవ్వడమో, దగ్గర్లోని సెంటర్‌కి బదిలీ చేయడమో చేస్తారు. పనికోసం వలస వెళ్లేవాళ్లకీ ఇదే మాట.

బిడ్డ పుట్టగానే నెవిరాపిన్ సిరప్ మొదలుపెడతారు. ఎన్ని వారాలన్నది డాక్టర్ చెబుతారు. తల్లిపాలు ఇవ్వాలనుకుంటే మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే. నాలిక్కి తేనె రాయడం, పంచదార నీళ్లు, ఆవుపాలు కలిపి పట్టడం వద్దు. అలా కలిపితే పసిపేగు దెబ్బతిని వైరస్‌కి దారి సులువవుతుంది. ముసలమ్మలు ముద్దుగా చేసే పనే, కానీ ఇక్కడ వద్దనాలి.

ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం కాగితం మీద తీసి పంపుతారు. అందులో వెతికేది వైరస్ జన్యుపదార్థాన్నే. మామూలు యాంటీబాడీ పరీక్ష అప్పుడు పనికిరాదు, ఎందుకంటే అమ్మ యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు. ఆ పరీక్షలో పాజిటివ్ వచ్చిందని పసిబిడ్డకి జబ్బుందని ఏడ్చిన కుటుంబాలున్నాయి. మధ్యలో చెప్పిన తేదీల్లో వెళ్లి, 18 నెలలప్పుడు చివరి పరీక్ష చేయిస్తేనే లెక్క పూర్తవుతుంది.

ఇక ఊరందరికీ తెలిసిపోతుందన్న భయం. అది ఉత్త భయం కాదు, నాకు తెలుసు. పొందూరు లాంటి చోట ఎవరు ఏ బస్సెక్కారో కూడా తెలిసిపోతుంది. కానీ 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయడం, ఆ ఫలితం బయటపెట్టడం చట్టవిరుద్ధం. వైద్యం, చదువు, ఉద్యోగం విషయంలో వివక్ష చూపడం కూడా ఆ చట్టం ఒప్పదు. మాత్రలని వాటి సీసాలోనే ఉంచి, ఆ సీసాని మామూలు డబ్బాలో పెట్టుకోండి. తేమ తగలకుండా సీసా మూత గట్టిగా ఉండాలి. గుట్టు దాచుకోవడం వేరు, మందు మానేయడం వేరు. మొదటిది మీ హక్కు. రెండోది బిడ్డ మీద పందెం. మాట్లాడటానికి మనిషి కావాలంటే 1097 నంబర్‌కి ఫోన్ చేయండి, ఉచితం.

మెసేజ్‌లో లేని మనిషి

ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. వదిన పరీక్ష ఉంది, మేనల్లుడి పరీక్ష ఉంది, అమ్మ మాట ఉంది. అన్నయ్య పరీక్ష లేదు. అడిగితే "చేయించుకోనన్నాడు అక్కా" అంది.

రక్తం గట్టిదని పేరొస్తే అది మగాడి వంశానిది. జబ్బొస్తే ఆడపిల్ల తెచ్చింది. బిడ్డకి సోకితే తల్లి పాపం. జన్యువుల గురించి ఇంత తెలిశాక కూడా మనం ఇలాగే మాట్లాడుకుంటే చదువుకున్నదెందుకు? ఏ తల్లీ తన హెచ్ఎల్ఏని ఎంచుకోలేదు. ఏ తండ్రీ తన సగాన్ని సంపాదించుకోలేదు. సోకిన బిడ్డ తల్లి తప్పూ చేయలేదు, సోకని బిడ్డ వంశం గొప్పా చేయలేదు. మనిషి చేతిలో ఉన్నవి కొన్నే: పరీక్షకి వెళ్లడం, మాత్ర వేసుకోవడం, పక్కన నిలబడటం. ఆ అన్నయ్య పరీక్ష చేయించుకుంటే, అతనికి అవసరమైతే మందు దొరుకుతుంది. నెగటివ్ అయితే అలాగే ఉండటానికి ఏం చెయ్యాలో చెబుతారు. భార్యతో పాటు సెంటర్‌కి ఒక్కసారి వెళ్లినా, ఆమె తర్వాతి నెల మాత్రలు మానేయదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా కడుపుతో ఉంటే, మొదటి నెలల్లోనే హెచ్ఐవీ పరీక్ష అయిందా అని అడగండి. భర్తకి కూడా అయిందా అని అడగండి. పాజిటివ్ అని తెలిస్తే ముఖం తిప్పుకోకుండా, ఫోన్‌లో రెండు అలారాలు పెట్టివ్వండి. ఒకటి రోజూ మాత్ర వేళకి. రెండోది బిడ్డ పుట్టిన ఆరో వారానికి.